పోయినవాళ్లు పిలిచిన పెళ్లి

సర్కారు మొత్తం ఫోన్లోకి దిగిపోయింది. 2025 జనవరిలో ‘మన మిత్ర’ వచ్చిన దగ్గర్నుంచి ఆంధ్రాలో ప్రభుత్వం కూడా గుడ్‌మార్నింగ్ బొమ్మల పక్కనే వాట్సాప్‌లో ఉంటోంది. తెలంగాణలోనూ ఇప్పుడు అదే పాట. ఆఫీసుల గడప తొక్కే రోజులు పోయాయని టీవీలో చెప్పనివాడు పాపాత్ముడు. ఆ మాట నమ్మి మా పిన్నీ బాబాయీ 1978లో జరిగిన తమ పెళ్లికి సర్టిఫికెట్ తెచ్చుకుందామని బయల్దేరారు.

అమెరికా పౌరుడైన కొడుకు తండ్రి గ్రీన్‌కార్డుకి పెట్టాలంటే అమ్మానాన్నల పెళ్లి సర్టిఫికెట్ జతచేయాలి. తల్లికైతే అడగరు. కన్నదెవరో బర్త్ సర్టిఫికెట్టే చెబుతుంది, తండ్రి సంగతే రుజువు కావాలి. అమెరికావాడి అనుమానంలో మర్యాద లేకపోయినా తర్కం ఉంది. మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు అడిగినదాంట్లో రెండూ లేవు. శుభలేఖ తెమ్మంది.

శుభలేఖ పెళ్లికి నెల ముందు అచ్చవుతుంది. జరగబోయేదానికి రమ్మని పిలుస్తుంది. జరిగిందనడానికి అది సాక్ష్యమెలా అవుతుందో ఏ వకీలునైనా చెప్పమనండి. కట్నం బాకీ దగ్గర పీటల మీద ఆగిపోయిన పెళ్లికీ కార్డుంటుంది, నాలుగు మూలలా పసుపుతో సహా. 2020 మార్చి 25న దేశానికి తాళం పడ్డాక ఏప్రిల్, మే ముహూర్తాల కార్డులు కట్టలకు కట్టలు అటకెక్కాయి. ఆ పెళ్లిళ్లు తర్వాతెప్పుడో యాభైమందితో, మూతులకు మాస్కులతో జరిగాయి. ఆ దంపతుల దగ్గర పెళ్లి జరగని తేదీకి కార్డుంది, పెళ్లి జరిగిన తేదీకి లేదు. ఆఫీసు లెక్కన వాళ్లు ఏ రోజు మొగుడూపెళ్లాలయ్యారు?

అనుకున్నట్టే జరిగిన పెళ్లి విషయంలోనూ కార్డు నిలకడగా మాట్లాడదు. ‘గురువారం రాత్రి 2.14 గంటలకు, తెల్లవారితే శుక్రవారం’ అంటుంది. పంచాంగానికి అది గురువారం, గడియారానికి శుక్రవారం. దరఖాస్తులో తేదీ గడి ఒక్కటే. కార్డులో ముందున్నది గురువారం గనక గుమాస్తా అదే కొట్టేస్తాడు, తాళి కట్టిన తేదీకి ఒకరోజు ముందే పెళ్లయిపోయినట్టు. ఇక పేర్లా! కార్డులో పెళ్లికూతురు చి.ల.సౌ. బుజ్జి. ఆధార్‌లో, పదో తరగతి సర్టిఫికెట్లో బుజ్జి అనేవాళ్లెవరూ ఉండరు.

పిన్ని కార్డు ఏ ఎలుక తిన్నదో తెలియదు. అఫిడవిట్ ఇస్తామన్నా, కార్డుంటేనే ఫైలు కదులుతుందన్నారు. బయట చెట్టు కింద డాక్యుమెంట్ రైటరు ధైర్యం చెప్పాడు. ‘‘దానికేముందమ్మా, ఒకటి కొట్టించేయండి. పక్క సందులోనే షాపు.’’ కొట్టించారు. ఒక్కటంటే ఒక్క కాపీ. ఊళ్లో ఏ పెళ్లికీ అంత తక్కువ కార్డులు వేసి ఉండరు. అందులో డెబ్బై దాటిన మా పిన్ని మళ్లీ చి.ల.సౌ. అయింది. ఆహ్వానించువారు మా తాతయ్య, నాయనమ్మ. ఇద్దరూ పోయి ఏళ్లు గడిచాయి, అయినా సకుటుంబ సపరివారంగా విచ్చేయమని పిలిచారు. వేదిక మా స్వగృహమట. ఆ స్వగృహం ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంటు, సెల్లార్లో బ్యూటీపార్లరు. షాపు కుర్రాడు తన దగ్గరున్న నమూనాలోనే పేర్లు మార్చాడేమో, కింద దారి చూపించే క్యూఆర్ కోడ్ కూడా పడింది. 1978 నాటి పెళ్లికి గూగుల్ మ్యాపు! గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తృప్తిగా తలూపి, ఫైల్లో పెట్టాడు. నిజమైన పెళ్లికి దొంగ కాగితం పుట్టించమని మర్యాదస్తులైన ముసలివాళ్లను ప్రభుత్వమే పంపింది. కొత్త కాగితపు వాసన కూడా పోని ఆ కార్డును అదే ప్రభుత్వం సాక్ష్యమని పుచ్చుకుంది.

ఫొటో సంగతి ఒక్క ముక్క. తాళి కట్టేటప్పుడు ఇద్దరి ముఖాలూ కనబడాలట. బాసికాల వెనక, మేనమామల మోచేతుల కింద ఏ వధూవరుల ముఖాలు కనబడ్డాయి గనక?

నవ్వింది చాలు. హిందూ వివాహ చట్టం వచ్చింది 1955లో. అందులో సప్తపది ఉంది, నమోదు ఉంది, శుభలేఖ మాత్రం మచ్చుకైనా లేదు. పెళ్లి నమోదు తప్పనిసరంటూ ఉమ్మడి రాష్ట్రం 2002లోనే చట్టం చేసింది. 2006లో సీమా కేసులో సుప్రీంకోర్టు దేశమంతటా అదే చేయమంది. కాన్సులేటు కౌంటర్ల కోసం చెప్పిన మాట కాదది. చిన్నపిల్లలకు పెళ్లిళ్లు ఆగాలని, రెండో పెళ్లి చేసుకునేవాడు దొరకాలని, వదిలేసిన భార్య చేతిలో ఒక ఆధారం ఉండాలని. ఇప్పుడు చెప్పండి. మొగుడు ‘నువ్వెవరో నాకు తెలీదు’ అన్న మనిషి శుభలేఖ ఎక్కణ్నుంచి తేవాలి? అది అత్తారింటి బీరువాలో ఉంటుంది. ఆల్బమూ అక్కడే. పక్కన నిలబడి సంతకం పెట్టాల్సినవాడు దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో ఉంటాడు. ఎవరి కోసం ఈ కాగితం పుట్టిందో వాళ్లకే దొరక్కుండా జాబితా రాసిన మహానుభావుడికి ఏ జీతం ఇచ్చినా దండగే.

ఇంట్లో కాదంటే గుళ్లో దండలు మార్చుకున్న పిల్లలకు కార్డెవరు వేస్తారు? ఆహ్వానించువారు ఎవరు, వెతుకుతున్న మేనమామలా? శుభలేఖ అడగడమంటే అమ్మానాన్నల ఒప్పుకోలు అడగడమే. ప్రేమ పెళ్లికి తల్లిదండ్రుల అంగీకారం ఉండాలనే రూలు పెట్టొచ్చేమో పరిశీలిస్తామని గుజరాత్ ముఖ్యమంత్రి 2023లో అంటే దేశమంతా నోళ్లు లేచాయి. మన ఆఫీసులు ఏ ముఖ్యమంత్రీ నోరు విప్పకుండానే ఆ పని కానిస్తున్నాయి.

పోనీ 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుందామంటే అక్కడ ముప్ఫై రోజుల నోటీసు. పేర్లూ చిరునామాలూ రాసి అందరికీ కనబడేచోట అంటించాలి. నోటీసు పుస్తకాన్ని ఎవడొచ్చి అడిగినా పైసా తీసుకోకుండా చూపించాలి. ఎవరి కోసమయ్యా ఈ ప్రకటన? పెళ్లికొచ్చి అక్షింతలు వేసేవాడు ఆ గోడ చదవడు. కులం చూసి కత్తి తీసేవాడు చదువుతాడు. మిర్యాలగూడ, సరూర్‌నగర్ పరువు హత్యల గురించి విన్నాక కూడా ఆ కాగితానికి జిగురు రాసే చెయ్యి వణకదా? ఈ నోటీసులను ఆన్‌లైన్‌లో పెట్టడం 2020లో కేరళ మానేసింది. జంట రాతపూర్వకంగా కోరితే తప్ప ప్రకటించొద్దని 2021లో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. చట్టంలో మాత్రం ఆ గోడ అలాగే ఉంది. ఉత్తరాఖండ్ ఇంకో అడుగు వేసి పెళ్లి లేకుండా కలిసుండేవాళ్లనీ పేర్లు రాయించుకోమంది.

పెళ్లికి ముందు ఇంత బాహాటమా, పెళ్లయ్యాక అదే రికార్డు అంతఃపురం. పాత నమోదుకు నకలు కావాలంటే ఏ ఆఫీసు, ఏ సంవత్సరం, ఏ నంబరు అని మిమ్మల్నే అడుగుతారు. నంబరు తెలిసినవాడికి నకలు దేనికి? సర్టిఫికెట్ పోగొట్టుకున్నవాడే కదా వచ్చేది. జిల్లాలు చీలి, ఆఫీసులు మారి, రిజిస్టర్లు ఏ గదిలో ఉన్నాయో చెప్పగల అటెండరు రిటైరయ్యాక ఇక దేవుడే దిక్కు.

లాస్‌వేగాస్ ఉన్న క్లార్క్ కౌంటీలో పెళ్లి లైసెన్సు ఆఫీసు పొద్దున ఎనిమిది నుంచి అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది. ఆ ఊళ్లో పెళ్లంటే మనకు వెటకారం. కానీ అక్కడి క్లర్కు దగ్గరున్న పెళ్లి రికార్డుల్లో పేరు కొట్టి వెతుక్కోవచ్చు, రుసుము కట్టి నకలు తీసుకోవచ్చు. అంతకన్నా ముఖ్యం, జరిగిన పెళ్లిని కౌంటీకి తెలపాల్సిన బాధ్యత చేయించినవాళ్లది. నెవడాలోనూ కాలిఫోర్నియాలోనూ పది రోజుల గడువు. అక్కడి మన గుళ్లో మాంగల్యధారణ చేయించిన పంతులుగారు కూడా సంతకం పెట్టి పంపాల్సిందే. ఇక్కడ పంతులుగారు సంభావన తీసుకుంటారు, కల్యాణమండపం లక్షలు తీసుకుంటుంది, రుజువు మాత్రం నలభై ఏళ్ల తర్వాత ముసలిదంపతులు తేవాలి.

సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే చాలదు, సప్తపదిలాంటి తంతు జరగకుండా హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. సబబే. అయితే ఆ తంతు కళ్లారా చూసిన మనుషుల మాట వినండి, కార్డు మాట కాదు. మా పిన్ని పెళ్లి చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు.

మీ ఊళ్లో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తే ఈసారి ఒక పని చేయండి. హిందూ వివాహ రిజిస్టరు చూపించమనండి. తగిన వేళల్లో అది ఎవరైనా చూసుకునేలా తెరిచి ఉండాలని, అడిగితే రుసుము తీసుకుని ధ్రువీకరించిన నకలు ఇవ్వాలని హిందూ వివాహ చట్టం 8వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం 1955 నుంచీ చెబుతోంది. కుదరదంటే, ఎందుకు కుదరదో కాగితం మీద రాసిమ్మనండి.