పాల డబ్బాలో పులుపు

నా ఒంటి మీద ఇప్పటికీ నిడో అని రాసి ఉంటుంది. అక్షరాలు సగం చెరిగిపోయాయి, పసుపు రంగు అక్కడక్కడా గీరుకుపోయి లోపలి రేకు బయటపడింది. రెండున్నర కిలోల పాలపొడి డబ్బాను. ఈ పాలపొడి పుట్టింది 1944లో. నేను చాలా వెనకాల వచ్చినదాన్ని. నాకు గుర్తున్న మొదటి చోటు దుబాయిలో దేరా దిక్కున ఒక దుకాణం. సెలవు మీద ఇంటికి పోయేవాళ్లంతా అక్కడికి వచ్చేవాళ్లు. రెండు పక్కలా పువ్వులున్న మందపాటి దుప్పటి, టైగర్ బామ్ సీసాలు, టాంగ్ డబ్బా, సెంటు సీసా, ఒక నిడో. మంచిర్యాల, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్... ఏ ఊరివాడి పెట్టె విప్పినా ఇదే సామాను. నన్ను కొన్నతను మంచిర్యాల పక్కన నస్పూర్ మనిషి. మంచిర్యాల అప్పటికింకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉంది, వేరే జిల్లా అయింది 2016 అక్టోబర్‌లో.

ఇంటికొచ్చిన కొద్ది రోజులకే పిల్లలు నన్ను ఖాళీ చేశారు. పాలు కలుపుకొని తాగిందెంత, పొడి పొడిగానే చెంచాతో మింగిందెంత! తర్వాత నన్ను పారేయలేదు. దుబాయి నుంచి వచ్చిన డబ్బాను పారేసే ఇల్లు ఈ దిక్కున ఉండదు. ఒక దాంట్లో చక్కెర, ఒక దాంట్లో శనగపప్పు, ఒక దాంట్లో సూదీ దారం. నన్ను మాత్రం అతని తల్లి, అంటే అవ్వ, కడిగి, రెండు రోజులు ఎండలో బోర్లించి, మామిడి ఒరుగులకు పెట్టింది. పాలూ పులుపూ ఒకచోట చేరితే విరుగుతాయంటారు. నా దగ్గర ఒకటి ఖాళీ అయ్యాకే రెండోది వచ్చింది కాబట్టి తగాదా లేకపోయింది.

ఆ ఇంటి వెనక ఒక నాటు మామిడి చెట్టుంది. అతని తండ్రి, బాపు, శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి పని చేస్తూ కట్టుకున్న ఇల్లది. ఎవరో తిని పారేసిన టెంక మొలిచి చెట్టయింది. నెన్నెల, భీమారం, చెన్నూరు తోటల నుంచి లారీలెక్కి నాగ్‌పూర్ మార్కెట్‌కు పోయే బంగినపల్లి జాతి కాదు. కాయ చిన్నది, పీచు ఎక్కువ, పండినా నాలుక గుంజే పులుపు. అమ్ముదామంటే ఎవరూ కొనరు. ఆ పులుపు వల్లే తొక్కుకూ ఒరుగులకూ దాన్ని మించిన కాయ లేదు. బాపు పనిచేసిన సింగరేణి బొగ్గు గనుల్లో ఒకప్పుడు, అంటే 1990ల మొదట్లో, లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు. ఇప్పుడు ఆ సంఖ్య నలభై వేల దరిదాపుల్లోకి దిగింది. బాపు రిటైరయ్యేనాటికి బాయిలో చాలా పని యంత్రాల చేతికి పోయింది. తండ్రి దిగిన బాయిలోకి కొడుకు దిగే రోజులు కావవి. అందుకే కొడుకు విమానం ఎక్కాడు. అప్పటికి ఈ జిల్లాల నుంచి గల్ఫ్ దారి కొత్తదేం కాదు. 1970లలో చమురు ధర పెరిగి అక్కడ కట్టడాలు లేచిననాటి నుంచి జనం పోతూనే ఉన్నారు.

ఒరుగులు చేయడానికి చెట్టెక్కి కాయ కోసే పనిలేదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట గాలిదుమారం లేస్తుంది. తెల్లారి చెట్టు కింద చూస్తే కాయలే కాయలు. పండబెడితే పనికిరావు, తొక్కుకు పెడితే దెబ్బ తగిలిన ముక్క మెత్తబడి మొత్తం పాడుచేస్తుంది. అవ్వ వాటిని ఏరించేది. "పలిగినయి ఒక దిక్కు, మంచియి ఒక దిక్కు పెట్టుండ్రి. టెంక ముదిరినయి నాకు ఇయ్యుండ్రి" అనేది. చెక్కు తీసి, కత్తిపీట మీద సన్నగా కోసి, పసుపూ దొడ్డుప్పూ పట్టించి ఒక రాత్రి గిన్నెలో మూత పెట్టి ఉంచుతుంది. తెల్లారేసరికి ముక్కలు మునిగేంత ఊట. ఉప్పు చేసే పని అదే, కాయలోని నీళ్లను బయటికి లాగడం. మిగిలింది ఎండ చూసుకుంటుంది. నీళ్లు లేని చోట బూజుకూ పురుగుకూ బతుకు లేదు. ఊట పిండేసి, పాత నూలుచీర మీద స్లాబుపైన పరుస్తారు. మా దిక్కు గాలిలో బొగ్గు దుమ్ము ఉంటుంది కాబట్టి మీద ఇంకో పల్చటి చీర కప్పుతారు. మే చివర్లో రోహిణి కార్తె వస్తుంది. రోళ్లు పగిలే ఎండ అని లోకమంతా తిట్టుకునే ఆ ఎండ కోసం అవ్వ కళ్లు కాయలు కాసేలా చూస్తుంది. మూడు నాలుగు ఎండలకు ముక్క మడతపడి, అంచు నల్లబడి, చేతిలో వేసుకుంటే గలగలమంటుంది.

ఇక్కడొక మాట చెప్పాలి. రేకు డబ్బాకు ఉప్పంటే పడదు. ఉప్పు తగిలినచోటల్లా తుప్పే. అందుకని అవ్వ లోపల మందపాటి కవరు వేసి, దాని నోరు దారంతో కట్టి, అప్పుడు నా మూత పెడుతుంది. తొక్కునైతే నా దరిదాపులకు కూడా రానివ్వదు. దానికి జాడీ ఉంది, ప్రయాణానికి ప్లాస్టిక్ సీసా ఉంది. నూనె కారితే పెట్టెలోని బట్టలన్నీ ఎల్లిపాయ వాసనే. ఆ విషయంలో నా సరుకు మర్యాదస్తురాలు. కారదు, పొంగదు, చెప్పినచోట పడుంటుంది.

మొదటి రెండు మూడేళ్లు ఇంట్లోనే ఉన్నాను. తర్వాత ఒకసారి కొడుకు సెలవు అయిపోయి తిరిగిపోయేటప్పుడు నన్నూ పెట్టెలో పెట్టారు. కోడలు సర్దింది. మసాలాతో పాటు గసగసాల పొట్లం కూడా పెట్టబోతే ఆయన లటుక్కున లాగేశాడు. దుబాయిలో గసగసాలు నిషేధం, మత్తు సరుకు కింద లెక్క. కోడికూరలో వేసుకుందామని తీసుకుపోయి జైలుపాలైనవాళ్లున్నారు. ఈమధ్య కుడుకల మీద కూడా కన్నేశారు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, తొందరగా అంటుకుంటుందని విమానం సామానులో వద్దంటున్నారు. బతుకమ్మకు పంచే పలారంలో కుడుకకు ఉన్న స్థానం విమానాశ్రయంలో యంత్రం ముందు కూర్చున్నవాళ్లకు ఏం తెలుసు! ఒరుగులను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. గోదావరి వంతెన దాటి, గోదావరిఖని, కరీంనగర్ మీదుగా శంషాబాద్. అక్కడి నుంచి నా పుట్టింటికో మెట్టినింటికో, ఏదనుకుంటే అది.

సోనాపూర్ కార్మికుల క్యాంపులో ఆయన గది. ఇనుప మంచాలు ఒకదాని మీద ఒకటి, ఒక్కో మంచం చుట్టూ ఒక్కో పరదా. నా చోటు కింది మంచం కింద, చెప్పులకూ పెట్టెకూ నడుమ. ఆయన స్టీల్ ఫిక్సర్. అంటే స్లాబు పోసే ముందు ఇనుప కడ్డీలను తీగతో ముడివేసే పని. తెల్లవారుజామునే బస్సు వస్తుంది. వండుకోవడం రాత్రి పూట, వంతుల వారీగా. వరసగా గ్యాసు పొయ్యిలున్న పెద్ద వంటగదిలో ఎవరి గిన్నె వాళ్లది. ఆయన వంతు వచ్చిన రోజు నా మూత తీస్తాడు. గుప్పెడు ఒరుగులు వేడి నీళ్లలో నానేసి, పప్పు ఉడికాక అందులో వేస్తాడు. సెలవు రోజైతే ఎండు రొయ్యలు, ఒరుగులు కలిపి పులుసు. ఇదే పులుసు ఊళ్లో వండితే చిన్నప్పుడు కంచం పక్కకు నెట్టేవాడని అవ్వ చెబుతుంది. వానాకాలంలో కూరగాయలు లేక వండుకునే కూర, లేనోళ్ల కూర అని చిన్నచూపు ఉండేదట. ఇక్కడ అదే కూర వంతు వస్తే పక్క గదుల వాళ్లు కూడా గిన్నె పట్టుకొని వస్తున్నారు.

మామిడికాయ దుబాయిలో దొరకదా? దొరుకుతుంది. కేరళ కాయలు దుకాణాల్లో ఉంటాయి. ఆయన కూడా కొన్నాడు, పప్పులో వేశాడు, బాగుందనే అన్నాడు. అయినా నా మూత తీయడం మానలేదు. దీనికి పెద్ద కారణాలు వెతకనక్కరలేదు. కొన్న కాయకు లెక్క ఉంటుంది. అందులోనూ నెల జీతంలో ఇంటికి పంపాల్సింది ముందే తీసి పెట్టుకునేవాడికి ఆ లెక్క మరీ బాగా కనిపిస్తుంది.

గదిలో బిహారీ ఒకాయన ఉండేవాడు. మొదటిసారి నన్ను తెరిచినప్పుడు వాసన చూసి "ఖటాయి" అన్నాడు. ఉప్పు లేకుండా ఎండబెడితే ఇవే ముక్కలు ఆమ్‌చూర్. మా పక్క నిజామాబాద్ మార్కెట్ యార్డులో బస్తాలకు బస్తాలు అమ్ముడై ఉత్తరాదికి పోతుంది. ఆయన ఇంట్లో పప్పులో వేసుకున్నది మా దిక్కు కాయే అయినా ఆశ్చర్యం లేదు. మలయాళీ ఒకాయన ఉప్పునీళ్లలో ఊరిన నిండు మామిడికాయలు తెచ్చేవాడు. నేపాలీ పిల్లగాడి దగ్గర లప్సీ అనే పులుపు పండును ఎండబెట్టి చేసిన బిళ్లలుండేవి. జీతాలు, ఓవర్‌టైములు, వీసా ఇచ్చిన కఫీళ్ల మాటలు ఒకరికొకరు చెప్పుకోవడానికి హిందీ కావాలి. పులుపు దగ్గర అదీ అక్కర్లేకపోయింది. గుటకలు మింగడం అందరికీ వచ్చు.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి నియమం. 2005లో మొదలైన మధ్యాహ్న విరామం ఇది. ఆ విరామంలో నీడన పడుకునే ముందు ఆయన జేబులోంచి ఒక ఒరుగు తీసి బుగ్గన పెట్టుకుంటాడు. చెమటలో పోయిన ఉప్పు కొంత తిరిగొస్తుంది, ఎండిన నోట్లో నీళ్లూరతాయి. స్లాబు మీద అవ్వ ముక్కలు ఆరబోసిన ఎండా ఈ ఎండా ఒక్కటే కదా అని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఆ ఎండ ఇంటికి సరుకిచ్చింది. ఈ ఎండ సరుకు తింటోంది.

2020లో మార్చి నెలలో కరోనాతో విమానాలు ఆగిపోయాయి. ఆ ఏడు వేసవి సెలవు లేదు, కొత్త ఒరుగులు రాలేదు. గదులకు తాళాలు వేసినంత పనయింది. ఆ జబ్బులో ముక్కుకు వాసన పోతుందని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి పొద్దున లేవగానే గదిలోవాళ్లంతా నా చుట్టూ చేరేవాళ్లు. మూత తీయడం, ముక్కు పెట్టడం, "వస్తోంది" అనడం, పక్కవాడికి ఇవ్వడం. నాలో అప్పటికి మిగిలింది అడుగున కాస్త పొడీ, నాలుగు విరిగిన ముక్కలూ. వండుకుందామంటే ఎవరూ ఒప్పుకోలేదు. మందుల దుకాణంలో దొరకని సామానును నేను. మే నెలలో చిక్కుకున్నవాళ్లను ఇంటికి చేర్చే వందే భారత్ విమానాలు మొదలైనా ఆయన పోలేదు. పోతే తిరిగి రానిస్తారో లేదో అన్న భయం. అవ్వ ఆ ఎండకాలం ఒరుగులు చేసి జాడీలో దాచిపెట్టింది. ఆ దేశంలో వాట్సాప్‌లో మాట్లాడనివ్వరు కాబట్టి బోటిమ్‌లో కాల్ చేసి, కెమెరా జాడీలోకి వంచి చూపించింది. "కనవడుతున్నయా బిడ్డా?" "చీకటే కనవడుతుందే అవ్వా."

ఈసారి సెలవులో నా మీద చర్చ నడిచింది. కోడలు గాలి తీసే కవర్లు తెచ్చింది. ఒరుగులు అందులో పోసి యంత్రంతో నొక్కితే పలకలా అవుతాయట, డబ్బా బరువు తగ్గుతుందట. న్యాయమైన మాటే. నేను ఖాళీగానే అరకిలో దాకా తూగుతాను. అవ్వ వినలేదు.

"కవర్ల వెడితే కండ్లకు కనవడయి. నాలుగు దినాలల్ల ఖతం జేస్తరు. డబ్బల చెయ్యి వెడితే ఎన్ని ఉన్నయో చేతికే తెలుస్తది."

"అత్తమ్మా, ఆయన ఒక్కడే తింటడా? గదంతా తింటరు."

"గందుకే జెప్తున్న. ఇంకో రెండు గుప్పిళ్లు ఎక్కువ పొయ్యి. ఆ నేపాలీ పోరనికి ఉండాలె."

వేలాడదీసే కాటాకు పెట్టె తగిలించారు. ముప్ఫై కిలోల హద్దు మీద ఆరు వందల గ్రాములు ఎక్కువ చూపించింది. ముగ్గురూ నా వైపే చూశారు. కొడుకు పెట్టె తెరిచి, కొత్తగా కొన్న చెప్పుల జత తీసి గడప మీద పెట్టి, మళ్లీ జిప్పు లాగాడు.