ఎర్రజుట్టు డ్రమ్ములోడు: మామకు అల్లుని జాబు

లూయిషం, లండన్.

మామకు అల్లుడు రాసుకున్న జాబు. నీ సెల్లు బాయిలో పడిందని అత్త చెప్పింది. పడిందో, ఎవరి మీదనో కోపమొచ్చి నువ్వే ఇసిరేసినావో నేను అడగను. అందుకే కాయితం పట్టినా. పక్కింటి అయ్యవారితో సదివించుకో. ఆయనతో మాటల్లేకుంటే చిన్నోనితో సదివించుకో.

పోయినసారి అడిగినావు గదా, ఇంగ్లాండోళ్ళకు తప్పెట కొట్టేది వస్తాదా అని. వస్తాది మామా. నేనుండే ఈ లూయిషంలోనే 1939లో ఒకడు పుట్టినాడు. పేరు పీటర్ ఎడ్వర్డ్ బేకర్. ఎర్రజుట్టోడు కాబట్టి అందరూ జింజర్ బేకర్ అన్నారు. నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ఒక పెద్దాయన ఉండాడు. ఆయనకు మాత్ర మింగించాలంటే ముందు బేకర్ కథ ఒకటి ఇనాల. ఇంటా ఇంటా నాకు తోచిందేందంటే, నిన్ను పుట్టించే ముందు దేవుడు ఈడ ఒకసారి చెయ్యి అలవాటు చేసుకున్నాడు.

బేకరు వాళ్ళ నాయన 1943లో యుద్ధంలో పోయినాడు. పిల్లోనికప్పుడు నాలుగేండ్లు. కొడుకు పద్నాలుగేండ్లోడు అయినాక తెరవాలని ఒక జాబు రాసిపెట్టి పోయినాడంట ఆయన. మన నాయన్లయితే బాగా సదువుకో నాయనా అని రాస్తారు. ఆయన మాత్రం నీ పిడికిళ్ళే నీకు మంచి నేస్తులని రాసినాడు. పెద్దల మాట అంత నిష్ఠగా పాటించిన కొడుకును నేను ఇంకొకణ్ణి చూళ్ళేదు.

మొదట సైకిలు పందేల పిచ్చి. సైకిలు పాడైనాక డ్రమ్ముల మీద పడినాడు. ఫిల్ సీమెన్ అని జాజ్ వాయించే ఆయన గురువుగా దొరికి, ఒక రాత్రి ఆఫ్రికా వాయిద్యాల రికార్డులు వినిపించినాడు. అదో పిచ్చి పట్టుకుంది. 1961లో సొంతంగా డ్రమ్ములు చేసుకున్నాడు. పర్‌స్పెక్స్ అని అద్దం మాదిరుండే ప్లాస్టిక్ రేకును ఇంట్లో గ్యాసు పొయ్యి మీద కాగబెట్టి వంచినాడు మామా! పీర్లపండగకు గుండం కాడ తప్పెట కాగబెడతా నన్ను దూరం తరిమేవాడివి గదా, అది గుర్తొచ్చింది. ఆ పొయ్యి మీద అన్నం వండాల్సినోళ్ళు ఏమన్నారో పెద్దాయన చెప్పలేదు.

బ్లూస్ అంటే అమెరికాలో నల్లోళ్ళు పత్తి చేన్లలో కష్టపడతా పాడుకున్న పాటల్లోనుంచి వచ్చింది. ఆ రోజుల్లో లండన్ పిల్లోళ్ళకు దాని మోజు పట్టింది. అలెక్సిస్ కోర్నర్ మేళంలో చార్లీ వాట్స్ అని నెమ్మదస్తుడు డ్రమ్ములు వాయించేవాడు. 1962లో ఆయన లేచి బేకర్‌కు పీట ఇచ్చినాడు. తర్వాత రోలింగ్ స్టోన్స్‌లో చేరి, 2021లో సచ్చిపోయేదాకా యాభై ఎనిమిదేండ్లు ఆడనే వాయించినాడు. మన బేకరు ఏ మేళంలోనూ అన్నేండ్లు కుదురుగా లేడు.

తర్వాత బేకరు పోయిన గ్రాహం బాండ్ మేళంలో జాక్ బ్రూస్ అని బేస్ గిటారోడు ఉండె. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. బేకరు వాణ్ణి తీసేసినాడు, వాడు మళ్ళా వచ్చినాడు, బేకరు కత్తి చూపించినాడు. ఇదంతా కడప జిల్లాలో జరిగుంటే సినిమా తీసుందురు. 1966లో బేకరు పోయి ఎరిక్ క్లాప్టన్‌ను కొత్త మేళం పెడదాం రమ్మన్నాడు. బ్రూస్ వస్తేనే వస్తానని ఆయన ముడి పెట్టినాడు. చేసేదేముంది, కత్తి చూపించినోడే బ్రూస్ ఇంటికి పోయి రాజీ పడినాడు. ఆ మేళమే క్రీమ్. బేకరు కాళ్ళతో కొట్టే పెద్ద డ్రమ్ములు రెండు పెట్టుకుని, పాటగాళ్ళు పక్కకు తప్పుకుంటే ఒక్కడే నిమిషాల తరబడి వాయించేవాడు. రెండేండ్లకే, 1968 నవంబరులో, రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఆఖరి కచేరీ చేసి ఎవరి దారిన వాళ్ళు పోయినారు. 2005లో అదే హాల్‌లో మళ్ళా నాలుగు రాత్రులు కలిసి వాయించినారు. అదే ఏడు న్యూయార్క్ పోయి మళ్ళా కొట్లాడుకున్నారు. వయసు ఎంతైతేనేం!

ఈ రెంటి మధ్యలో, 1971లో బేకరు ల్యాండ్ రోవర్ బండేసుకుని సహారా ఎడారి దాటి నైజీరియాకు పోయినాడు. ఫెలా కుటీ అని ఆడ పెద్ద పాటగాడు, ఆయనతో కలిసి వాయించినాడు. లాగోస్‌లో సొంత స్టూడియో కట్టినాడు. బీటిల్స్ పాల్ మెకార్ట్నీ 1973లో ఆడికి వస్తే, ఒక పాటకు మన బేకరు డబ్బాలో కంకర రాళ్ళు పోసి ఊపినాడంట. తర్వాత గుర్రాల మీద పోలో ఆట, ఇటలీలో ఆలివ్ తోట. దుడ్డు నిలిచిందేమీ లేదు. ముసలితనంలో దక్షిణాఫ్రికాలో ఉంటే ఒకాయన పోయి ఆయన మీద సినిమా తీసినాడు. ఏమో నచ్చక, తీసేవాని ముక్కు మీద చేతికర్రతో కొట్టినాడు. 2012లో వచ్చిన ఆ సినిమాకు ఆ దెబ్బతోనే మొదలు. ఇది ఇన్నాక, పోయినేడు నువ్వు గుండం కాడ డోలు వాయించే చిన్నాయన మీదికి కట్టె ఎత్తిన సంగతి నేను పెద్దాయనకు చెప్పినా. నీళ్ళు లేకుండానే మాత్ర మింగేసినాడు.

అసలు చెప్పాల్సింది ఇప్పుడొస్తాది. ఈడ పాట అమ్ముడుపోయినప్పుడల్లా రాసినోనికి, బాణీ కట్టినోనికి వాటా పోతాది. దరువు ఏసినోనికి ఆ వాటా పోదు. క్రీమ్‌ది వైట్ రూమ్ అని పాట. మొదట్లో ఐదు దెబ్బల నడక ఉంటాది, మన తకతకిట. అది నేను ఏసిందే అని బేకరు పోరినాడు. కాయితం మీద ఉండేది మాత్రం జాక్ బ్రూస్ పేరు, పీట్ బ్రౌన్ అనే కవి పేరు. 2019లో సచ్చిపోయేదాకా ఆ మంట ఆరలేదు.

మన కాడ మాత్రం ఏముంది? ఊరేగింపులో అందరికన్నా ముందు నడిచేది నువ్వు, బంతిలో అందరికన్నా ఎనక కూర్చునేది నువ్వు. పీరు ఎత్తినోనికి పూలదండ, గుండం తొక్కినోనికి దండం, తెల్లార్లూ కొట్టినోనికి "రేపు కనపడప్పా". నీకు కోపం యాడనుంచి వస్తాదో నాకు ఈ ఊరొచ్చినాకనే అర్థమైంది.

కాబట్టి మామా, ఈసారి పెద్దమనుషులు పిలిచేదానికి వస్తే, గోడకున్న తప్పెట దించొద్దు. సగం దుడ్డు ముందే ఇమ్మను. మిగిలింది ఎప్పుడిస్తారో కాయితం మీద రాయించు, అయ్యవారితో సాక్షి సంతకం పెట్టించు. ఆయనతో మాటల్లేకుంటే ముందు మాట కలుపుకో, బేకరే బ్రూస్ ఇంటికి పోయినాడు. డోలు చిన్నాయనతో తగువు గుండం ఆరినాక చూసుకోవచ్చు. ఆయన్ను తీసేస్తానని మాత్రం అనొద్దు, జిల్లాలో నీ చేతికి ఆగి వాయించేది ఆయనొక్కడే.

అత్తకు నమస్కారాలు. ఊరిబిండి పొడి కొంచెం ఎవరన్నా వచ్చేవాళ్ళతో పంపించమను.

ఇట్లు,
నీ అల్లుడు