వెళ్లనిచ్చారట, పాపం!

మళ్లీ అదే మెయిల్. "కొందరు సహచరులను లెట్ గో చేయాల్సి వస్తోంది" అట. ఎంత మర్యాద!

లెట్ గో అంటే వెళ్లనివ్వడం. అసలు వెళ్తానన్నదెవరు? గచ్చిబౌలిలో ఏ ఇంజనీరైనా మేనేజరు కాళ్లు పట్టుకుని "సార్, ఇంటి ఈఎంఐ కట్టీ కట్టీ విసుగొచ్చింది, నన్నొదిలేయండి" అని ఏడ్చాడా? వెళ్లనివ్వడమంటే ఏమిటో మనకు తెలుసు. ఇంటికొచ్చిన చుట్టం లేస్తే "ఈ పూటకి ఉండండి" అని రెండుసార్లయినా అంటాం, బొట్టు పెట్టి, గుమ్మం దాకా వెళ్లి సాగనంపుతాం. ఈ కంపెనీలవాళ్లు చుట్టం ఇంకా విస్తరి ముందుండగానే సంచీ తెచ్చి వీధిలో పెడతారు. పెట్టి, "వెళ్లనిచ్చాం" అంటారు!

వినేవాడికి ఏమనిపించాలి? ఇన్నాళ్లూ బలవంతాన కట్టేసి ఉంచారనీ, ఇప్పుడు జాలిపడి కట్లు విప్పారనీ. ఉద్యోగం పోయినవాడు పైగా థాంక్స్ చెప్పాలి. కొందరు లింక్డిన్‌లో చెబుతున్నారు కూడా, ఖర్మ.

దీనికి అన్నగారు లేఆఫ్. మన కార్మిక చట్టంలో లేఆఫ్ అంటే బొగ్గు లేకో, కరెంటు లేకో, యంత్రం చెడో తాత్కాలికంగా పని చూపలేకపోవడం. ఉద్యోగం పోదు. అర్హులకు మూలవేతనం, కరువు భత్యంలో సగం ఇవ్వాలి కూడా. పూర్తిగా తీసేయడానికి చట్టం పెట్టిన పేరు రిట్రెంచ్‌మెంట్. ఆ పేరెత్తితే నోటీసు, పరిహారం గుర్తొస్తాయి కదా, అందుకని నోటికి రాదు.

2023 జనవరిలో గూగుల్ 12,000 మందినీ, మైక్రోసాఫ్ట్ 10,000 మందినీ తీసేస్తున్నట్టు ప్రకటించాయి. పూర్తి బాధ్యత తనదేనని గూగుల్ సీఈవో పిచాయ్ రాశారు. బాధ్యత ఆయనది, పోయిన ఉద్యోగాలు వేరేవాళ్లవి. అమెరికాలో హెచ్1బీ మీదున్న మన పిల్లలకైతే ఉద్యోగం పోయాక మహా అయితే 60 రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ దొరకాలి, లేదా వీసా మారాలి, లేదంటే స్కూల్లో చదువుతున్న పిల్లల్ని వెంటబెట్టుకుని దేశం వదలాలి. దీన్ని వెళ్లనివ్వడం అంటారా? వెళ్లగొట్టడం అంటారు. లాభాలు మిగుల్చుకుంటూనే మనుషుల్ని తీసేసి, ఆ పని చేసింది తామేనని ఒప్పుకునే ధైర్యం కూడా లేనివాళ్ల భాష ఇది. తీసేశాం అనండి. నోరేం పడిపోదు.

ఇదే పనికి ఇంకో పేరు రైట్‌సైజింగ్. దాని గురించి మాట్లాడను, బీపీ ఉంది.

అన్నట్టు, ఆ మెయిల్ చివర ఇంకో ముక్క: "ఏ సాయం కావాలన్నా మాకు రీచ్ అవుట్ అవండి." ఆఫీసు మెయిల్ నుంచా? దాన్ని తెల్లవారకముందే మూసేశారు.