నేనొక పేరుచీటీని

రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారి చిత్రమొకదాని ప్రక్క, గోడను కరచుకొని నిలిచిన దంతవర్ణపు అట్టముక్కను నేను. నిలువున నాలుగంగుళములు, అడ్డమున ఆరంగుళములు. ఇంతే నా శరీరము. నన్ను చూచుటకై యిల్లు వెడలి వచ్చినవారు లేరు. అయినను చిత్రము ముందు నిలిచినవారు 'ఇది యెవరిది? ఏమి కథ?' అని తమలో తాము ప్రశ్నించుకొనునపుడు వారి చూపు వచ్చి వ్రాలునది నాపైననే.

నా జన్మము చేతివ్రాతతో మొదలైనది. చిత్రశాల పెద్ద రిజిస్టరు ముందుంచుకొని, చిత్రనామము, చిత్రకారుని పేరు, జననమరణ సంవత్సరములు, రంగుల జాతి, కొలతలు, చేరిక సంఖ్య అను వరుసలో నాకు రూపకల్పన చేసెను. కొలతలలో ఎత్తు ముందును, వెడల్పు పిమ్మటను వ్రాయుట మా కులాచారము. ఆ వరుస తప్పెనా, నిలువు చిత్రము చదువరి మనస్సున అడ్డము పడును. కన్ను తనంతట చూడగలిగినదానిని చీటీ మరల చెప్పరాదని ఆయన నియమము. కావున వర్ణనలన్నియు కొట్టివేతకు గురికాగా, బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్లకమునుపే బాలుడైన రామారావుగారి ప్రతిభను రాజమహేంద్రవర కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రేగారు గుర్తించి ప్రోత్సహించిరను ఒక్క వాక్యము మాత్రము నాలో మిగిలెను.

అచ్చుకూటమున నాకు నిజమైన పరీక్ష యెదురైనది. 'ఋష్యశృంగ బంధనము' అను నా మొదటి పంక్తిని చూడుడు: షకారము క్రింద యకారపు ఒత్తు, శకారము క్రింద వట్రుసుడి, రెండును వ్రేలాడుచుండును. దాని క్రింది పంక్తిలో 'చిత్రకారుడు' అన్న మాటకు గుడి పైకి లేచుచుండును. తలపైన గుర్తులు, కాళ్లక్రింద ఒత్తులు గల మన లిపికి ఇరుకు గిట్టదు. పంక్తులను దగ్గరగా పేర్చినంతనే పైదాని ఒత్తు క్రిందిదాని గుడిని తాకి, రెండును చదువ శక్యముగాక పోయెను. అపుడు కంపోజిటరు లెడ్లని పిలువబడు పలుచని సీసపు బద్దలను పంక్తుల నడుమ మరికొన్ని చొప్పించి, నాకు ఊపిరి సలుపు చోటు కల్పించెను. కాగితము తళతళలాడు తెలుపైనచో చూపు రంగులను విడిచి దానివైపే పరుగెత్తునని, దంతవర్ణమును ఎంచిరి.

అంతయు సరిపడెననుకొను సమయమున, తొలి ప్రూఫులో ఒక దోషము దొరలినది. కేసులోని 2 గడిలో పొరపాటున పడియున్న 3 కంపోజిటరు చేతికి వచ్చుటచేత, 1897–1925 అని యుండవలసినచోట 1897–1935 అని పడెను. ఒక్క సీసపు అంకె ఆ చిత్రకారునికి పదేండ్ల ఆయుర్దాయమును ప్రసాదించినది. చిత్రశాల పెద్ద ఎఱ్ఱసిరా కలమునెత్తి, దానిని దిద్దకయే కొంతసేపు ఆ సంఖ్యవైపు చూచుచు ఊరకుండెను. ఆ పదేండ్లు నిజముగా దొరకియున్న ఎన్ని చిత్రములు పుట్టియుండెడివో! కాని మశూచి అతనిని 28 ఏండ్లు నిండనీయలేదు. దుఃఖకరమైనను సత్యమునే చెప్పవలసిన వంశమున పుట్టినదానను గనుక, 3 తొలగెను, 2 నిలిచెను; అట్లు నేను రెండవ ప్రతిగా వెలువడితిని.

నన్ను చిత్రమునకు కుడివైపున, చదువరి నీడ నాపై పడని చోట అంటించిరి. ఒకనాడు బడిపిల్ల యొకతె వచ్చి, చిత్రమును ఒకసారి చూచి, నా దగ్గరకు వంగి, ఆ రెండు సంవత్సరములను వ్రేళ్లపై లెక్కించుకొనెను. ముఖము చిన్నబోయినది. "అన్నయ్య వయసేనా!" అని మెల్లగా అనుకొని, మరల చిత్రమువైపు తిరిగి, ఇంతకుముందు చూడని రేఖలను ఒక్కొక్కటిగా వెదకుచు చాలసేపు నిలిచెను. ఆ తొలిచూపునకును మలిచూపునకును నడుమనున్న చోటే నా బ్రతుకు.

ఎండకును తేమకును నేను పసుపువారుచున్నాను. నా స్థానమున మరియొక చీటీ వచ్చుదినము దూరములేదు. అక్షరములు నాకంటె అందముగా నుండవచ్చును, అట్ట నాకంటె మన్నికైనది కావచ్చును. దానిని నేను వేడునది ఒక్కటే: తల్లీ, ఆ రెండు సంఖ్యలను సరిచూచుకొని గోడయెక్కుము.