గో, వెంట్, గోవిందా!

పలాస నుంచి కవిటి దాకా ట్యూషన్లలో ‘గో–వెంట్–గాన్’ వల్లె వేయిస్తే ఇంగ్లిష్ వచ్చేస్తుందన్న నమ్మకం గట్టిది. దానికి ఎదురు సాక్ష్యం మన నోట్లోనే ఉంది. ‘రా’ అని పిలుస్తాం, వస్తే ‘వచ్చాడు’ అంటాం, రాకుంటే ‘రాలేదు’ అంటాం. ఇంత అడ్డదిడ్డపు క్రియను టెక్కలిలో మూడేళ్ల పిల్లాడు ఏ పట్టికా లేకుండా పలుకుతాడు, రోజూ వింటాడు గనక. ఇంగ్లిష్ కథా అంతే. పాత ఇంగ్లిష్ నాటి 177 వింత క్రియల్లో 98 మాత్రమే నేటికీ అలాగే మిగిలాయని 2007లో పరిశోధకులు తేల్చారు. జనం నోట నలిగినవి నిలిచాయి. మూలన పడ్డవి ‘ఎడ్’ తగిలించుకుని బుద్ధిమంతులయ్యాయి.

మరి మార్కులో అంటారా? వస్తాయి, ఖాళీలు పూరించినంతసేపూ. ఉద్దానంలో ఇంగ్లిష్ మాట్లాడేదెవరు అంటారా? సరైన ప్రశ్నే, కానీ ఆ కొరత పట్టికతో తీరదు. మన శ్రీకాకుళం జిల్లా బిడ్డ గిడుగు రామమూర్తి సవర గిరిజనులతో మాట్లాడి మాట్లాడి సవర భాష నేర్చారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. మన పాలకులకు అంత ఓపికేదీ? ఇంగ్లిష్ మీడియం జీవో 2019లో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఈ రాకపోకలు ఏ టెన్సో గైడ్లే చెప్పాలి.