వెయిటింగ్ రూమ్ ఉన్న రోజులు

ఇంగ్లండులోని మా లెస్టర్‌ని ఇవాళ అందరూ పొగిడేవాళ్లే. 2021 జనాభా లెక్కల్లో ఏ ఒక్క జాతీ సగానికి చేరని నగరంగా తేలింది. ఆసియా మూలాల వాళ్లు 43.4 శాతం, తెల్లవాళ్లు 40.9. నార్‌బరో రోడ్డు మీద కొట్లు నడిపేవాళ్లు 20కి పైగా దేశాల్లో పుట్టినవాళ్లని పరిశోధకులు లెక్క తేల్చితే పత్రికలన్నీ ఫొటోలు వేశాయి. మంచిదే. కానీ ఇన్ని రకాల మనుషులు ఒకచోట ఉండటం వేరు, వాళ్లకి ఒకళ్లతో ఒకళ్లకి పని పడటం వేరు. మా రోజుల్లో పని పడేది. ఇప్పుడు పడటం లేదు. నా బాధంతా అదే.

గుంటూరు మెడికల్ కాలేజీలో చదువు పూర్తిచేసి డెబ్బైల మొదట్లో నేనీ ఊరొచ్చాను. రైల్వే స్టేషన్ వెనకాల హైఫీల్డ్స్‌లో పాతకాలపు ఎర్ర ఇటుకల మేడలో ఒక గది. కింద యుద్ధం తర్వాత ఇక్కడే ఉండిపోయిన పోలండ్ ముసలాయన, పైన జమైకా నర్సమ్మ, వెనక గదిలో పంజాబీ దంపతులు. అందరికీ ఒకటే బాత్రూం. గ్యాస్ మీటర్లో బిళ్ల వేస్తేనే మంట వెలిగేది. రాత్రిపూట బిళ్ల లేకపోతే చలికి వణుకుతూ పక్క గది తలుపు కొట్టాల్సిందే. అలా తలుపులు కొట్టుకునే ఒకళ్లకొకళ్లం తెలిశాం.

ఆ రోజులన్నీ బంగారమని నేననను. జాతి వివక్ష మీద 1968 చట్టం వచ్చాక ‘నల్లవాళ్లకి ఇల్లివ్వం’ అనే బోర్డులు పోయాయి గానీ, ఫోన్లో ఉందన్న గది మన మొహం చూసేసరికి ‘ఇప్పుడే ఇచ్చేశాం’ అయ్యేది. ఉగాండా నియంత ఇదీ అమీన్ ఆసియావాళ్లని ఆ దేశం నుంచి తరిమేసినప్పుడు, 1972 సెప్టెంబరులో, లెస్టర్ కౌన్సిల్ అక్కడి ‘ఉగాండా ఆర్గస్’ పత్రికలో ప్రకటన ఇచ్చింది. మా ఊళ్లో ఇళ్లు లేవు, బళ్లలో చోటు లేదు, మీరు రావద్దు అని దాని సారాంశం. రావద్దన్నా వచ్చారు. బెల్‌గ్రేవ్ రోడ్డు మీద మూతబడ్డ కొట్ల తాళాలు తీసి చీరలు, నగలు, మిఠాయిలు పెట్టారు. 1983 నుంచి ఆ రోడ్డుకి దీపావళి దీపాలు కడుతున్నారంటే అది వాళ్ల చలవే. 1976లో జరిగిన ఊరి ఎన్నికల్లో, మమ్మల్ని వెళ్లగొట్టాలనే నేషనల్ ఫ్రంట్‌కి దాదాపు 18 శాతం ఓట్లు పడ్డాయి. ఓటేసినవాళ్లలో నా పేషెంట్లు కూడా ఉండి ఉంటారు. మర్నాడు వాళ్లకీ బీపీ చూశాను.

మా ఆవిడ వచ్చాక వంటింట్లో అసలు తిప్పలు మొదలయ్యాయి. కందిపప్పు కావాలంటే గుజరాతీల కొట్టుకి వెళ్లాలి. అది నిల్వ ఉండటానికి ఆముదం పట్టించిన పప్పు. వేణ్నీళ్లు పోసి, చేత్తో రుద్ది, జిడ్డు పోయేదాకా మళ్లీ మళ్లీ కడిగితే గానీ పొయ్యి మీద పెట్టడానికి పనికొచ్చేది కాదు. ఎలా కడగాలో చూపించింది కొట్టాయన తల్లి. వీధంతా ఆవిణ్ని ‘బా’ అనే పిలిచేవాళ్లం. గోంగూర దొరక్క, లెస్టర్ మార్కెట్లో రూబార్బ్ కాడలు కొని పప్పులో వేసేది మా ఆవిడ. పులుపు సరిపోయేది, మనసు సరిపెట్టుకునేది కాదు. ఒక క్రిస్మస్‌కి ఆ జమైకా నర్సమ్మ, అల్లం దంచి వేసిన ఎర్రటి పానీయం తెచ్చింది. మా ఆవిడ ఒక్క గుక్క తాగి, గ్లాసు కిందపెట్టి, “ఇది గోంగూర కాయల పులుపండీ!” అంది. నిజమే. వాళ్లు సోరెల్ అనేది మన ఎర్ర గోంగూర జాతే. మనం ఆకు తింటాం, వాళ్లు కాయ మీది ఎర్ర రేకలు ఎండబెట్టి మరగబెట్టుకుంటారు. ఆ ఏటినుంచి ఆ రేకలు మా ఇంటికీ ఒక పొట్లం వచ్చేవి. మా ఆవిడ వాటితో పచ్చడి నూరి ఒక సీసా నర్సమ్మకి పంపేది.

ఇప్పుడో? గోంగూర కట్టలు కట్టలు దొరుకుతోంది. దోసెల పిండి డబ్బాల్లో వస్తోంది. ఎవరి సరుకు వాళ్ల కొట్లో, ఎవరి వంట వాళ్ల ఇంట్లో. సీసా పట్టుకుని ఎదురింటికి వెళ్లే అవసరం ఎవరికీ లేదు.

తర్వాత నేను స్పినీ హిల్ దగ్గర జీపీగా, అంటే పేట డాక్టరుగా చేరాను. ఇలాంటి పేటల్లో ప్రాక్టీసు పెట్టడానికి ఇంగ్లీషు డాక్టర్లు అంతగా ముందుకొచ్చేవాళ్లు కాదు. మనదేశం నుంచి వచ్చినవాళ్లమే ఎక్కువమంది నడిపాం. మా సర్జరీ (ఇక్కడ డాక్టరు క్లినిక్కుని అలాగే అంటారు) ఒక వరసింటి ముందుగది. గ్యాస్ హీటరు, గోడ చుట్టూ చెక్క కుర్చీలు. పొద్దున్నే తలుపు తీస్తే ఎవరైనా రావచ్చు. అపాయింట్‌మెంట్ లేదు. ఎవరి తర్వాత ఎవరో వచ్చినవాళ్లే గుర్తుపెట్టుకునేవారు. ఉన్ని మిల్లులో రాత్రి డ్యూటీ దిగి వచ్చిన సర్దార్జీ కునుకు తీస్తుంటే, “మీ వంతొచ్చింది, మీ డక్” అని లెస్టర్ యాసలో ఆప్యాయంగా తట్టి లేపేది పక్కన కూర్చున్న తెల్ల ముసలమ్మ. ఇంగ్లీషు రాని తల్లికి తన బడిపిల్ల మాటలు అందించేది. పిల్ల తడబడితే అక్కడున్న ఎవరో ఒకరు సాయం పట్టేవాళ్లు. ఎవరికి ఆయాసం ఎక్కువైందో, ఎవరి మొగుడు ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్నాడో నాకంటే ముందు ఆ గదికి తెలిసేది. దగ్గుతున్నవాడి పక్కన ఇంకొకడు కూర్చోవడం ఆరోగ్యానికి మంచిది కాదు, డాక్టరుగా నాకది తెలుసు. అయినా చెబుతున్నాను, ఆ పేటని పేటగా నిలబెట్టినవి ఆ కుర్చీలే.

ఫ్యాక్టరీ గేట్లూ అంతే. 1974 మే నెలలో ఇంపీరియల్ టైప్‌రైటర్స్‌లో ఆసియా కార్మికులు బోనస్‌లో అన్యాయం జరిగిందని పని ఆపి బయటికొచ్చారు. ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా మీదుగా వచ్చినవాళ్లు, ఆడవాళ్లూ బోలెడుమంది. సొంత యూనియనే వాళ్లని ఆదుకోలేదు. అయినా వారాల తరబడి గేటు దగ్గర నిలబడ్డారు. మరుసటేడు కంపెనీయే మూతపడింది. తర్వాత అల్లికల మిల్లులూ ఒక్కొక్కటే పోయాయి. వాటితోపాటు రకరకాల మనుషులు రోజంతా పక్కపక్కన నిలబడి పనిచేసే చోటూ పోయింది. ఆ నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ ఎక్కలేదు.

2022లో ఏం జరిగిందో చూశాంగా. ఆగస్టులో ఇండియా, పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ అయ్యాక మొదలైన కక్షలు సెప్టెంబరు దాకా సాగి, గ్రీన్ లేన్ రోడ్డు మీద హిందూ కుర్రాళ్లూ ముస్లిం కుర్రాళ్లూ ఎదురెదురు మోహరించారు. మధ్యలో పోలీసులు. ఫోన్లలో పుకార్లు ఒకదాని వెంట ఒకటి. ఆ వీధి నాకు కొట్టినపిండి. ఒక ఇంట్లో పిల్లాడికి జ్వరమొస్తే అవతలి మతం వాళ్లు కారులో ఎక్కించి తీసుకొచ్చిన వీధి అది. పుకారు పుట్టినప్పుడు, “అతను నాకు తెలుసు, అలాంటివాడు కాదు” అనడానికి ఒక్క మనిషైనా ఉండాలి. తెలియడానికి కలిసి కూర్చున్నదెక్కడ?

మన పిల్లల సంగతీ చెప్పాలి. డి మాంట్‌ఫర్ట్ యూనివర్సిటీకి ఇప్పుడు ఆంధ్రా, తెలంగాణల నుంచి కూడా పిల్లలు వస్తున్నారు. ఇంటికి అయిదారుగురు సర్దుకుని, పగలు క్లాసులు, రాత్రి వీపున సంచీ కట్టుకుని సైకిల్ మీద ఎవరెవరికో బిర్యానీలు మోస్తున్నారు. వాన పడుతుంటే చూడలేను. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదన్నట్టుంది వాళ్ల పరిస్థితి. ఫోన్లో వందమంది తెలుగువాళ్ల గ్రూపులున్నాయి, ఒంట్లో బాగాలేకపోతే గంజి కాచి ఇచ్చే పక్కింటావిడ పేరు మాత్రం తెలియదు. పక్కింటావిడకి వీళ్ల పేర్లూ తెలియవు. తప్పు పిల్లలది కాదు. తలుపు కొట్టాల్సిన అవసరం ఒక్కటీ మిగల్చకుండా కట్టారు ఈ కాలాన్ని.

సర్జరీ కూడా మారిపోయింది. పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకోవాలి. క్యూలో ఇన్నో నంబరని ఒక గొంతు చెబుతూ ఉంటుంది. వంతు వచ్చేసరికి ఆ రోజు అపాయింట్‌మెంట్లు అయిపోతాయి, లేదంటే ఆన్‌లైన్‌లో ఫారం నింపమంటారు. ఇంగ్లీషు రాని ముసలమ్మ ఏ ఫారం నింపుతుంది? డాక్టర్లు చాలడం లేదు, రద్దీ పెరిగింది, అన్నీ నాకు తెలుసు. అయినా మా పేట సర్జరీ మీటింగుకి పిలిచినప్పుడల్లా నేను అడిగేది ఒకటే. ఫోన్ ఉండనివ్వండి, ఫారం ఉండనివ్వండి. రోజూ పొద్దున ఒక గంట మాత్రం తలుపు తీసి, గోడ చుట్టూ కుర్చీలు వెయ్యండి. ముందు ఎవరొచ్చారో వచ్చినవాళ్లే చూసుకుంటారు. డాక్టరు చాలకపోతే నర్సుని కూర్చోబెట్టండి. ఆలోచిస్తామన్నారు. వచ్చే మీటింగులోనూ అడుగుతాను.