ఇంకా వుంది: ఒక బైండుపుస్తకము ఆత్మకథ

షణ్ముఖునకు కృత్తికలార్గురు తల్లులైనచో, నాకు మాసములు పండ్రెండును తల్లులే. 1962వ సంవత్సరమున జనవరి మొదలుకొని డిసెంబరు వరకు నెలకొక్కటిగా మద్రాసునుండి తెనాలికి వచ్చిన ‘చందమామ’ సంచికలను, ఒక బియ్యపుమిల్లు గుమాస్తాగారు తమ తొమ్మిదేండ్ల కుమారుని చేతులనుండి కాపాడి ట్రంకుపెట్టెలో దాచి, సంక్రాంతి వెళ్లిన మరునాడు గుడ్డసంచిలో పెట్టుకొని, బైండింగు చేయు ఒక వృద్ధుని యింటికి కొనిపోయిరి. ఆతడు సంచికల నడుమనున్న పిన్నులను ఊడదీసి, కాగితములను వరుసగా పేర్చి, లావుపాటి దారముతో కుట్టి, మైలుతుత్తము కలిపి కాచిన మైదాజిగురుతో అట్టలంటించి, వీపునకు ఎఱ్ఱని కాలికోగుడ్డ తొడిగి, అంచులను కత్తితో సమముగా కోసి, ముందొకటి వెనుకనొకటి తెల్లకాగితములను చేర్చి, నాకీ రూపము నొసగెను. బైండు చేయునప్పుడు ముఖచిత్రములను చించి పారవేయుట కొందఱి యాచారము. గుమాస్తాగారు వాకిట నిలిచి “ఒక్కటి పోయినా ఊరుకోను” అని పలుమారు హెచ్చరించుటచే నా ముఖములు పండ్రెండును నాకు దక్కినవి.

నా వంశము సామాన్యమైనది కాదు. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చుటకు ఒక నెల ముందు, 1947 జులైలో, నాగిరెడ్డి చక్రపాణిగార్లు చెన్నపట్టణమున తెలుగు తమిళములలో మా పత్రికను ఆరంభించిరి. 1952 నుండి కొడవటిగంటి కుటుంబరావుగారు సంపాదకత్వభారమును వహించి, పిల్లవాని నాలుకకు తొట్రుపాటు కలిగించు మాట యొక్కటియు లేకుండునట్లు వాక్యములను చెక్కుచు, తమ పేరుమాత్రము పైకి కానరానీయక యుండిరి. ప్రతి మాసమును పాఠకులను ఊపిరి బిగబట్టించిన ధారావాహికలను వ్రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరును కథల క్రింద అచ్చుకాలేదు. బొమ్మల మూలలయందు చిత్ర, శంకర్ అను సంతకములు కానవచ్చునుగాని, ఈ రచయితలు తెరవెనుకనే నిలిచిరి. ఇట్టి మహనీయుల చేతులలో పుట్టిన నాకు గర్వముండుట సహజముగదా! అక్షరమే నా ప్రాణమనియు, అక్షరము రానివారితో నాకేమియు పనిలేదనియు ఆ దినములలో నేను దృఢముగా నమ్మియుంటిని.

అయినను నా శరీరమున ఒక లోపము కలదు. పత్రికలోని ధారావాహిక సంవత్సరాంతమును లెక్కచేయునది కాదు. జనవరి పుటలలో అది జరిగిన కథను నాలుగు వాక్యములలో చెప్పి నడుమనుండి సాగిపోవును. డిసెంబరు పుటలలో కథానాయకులు కొండకొమ్మున, వెనుక శత్రువులు, ముందు అగాధము, అను స్థితియందుండగా ‘ఇంకా వుంది’ అను రెండు మాటలతో నిలిచిపోవును. మరుసటి సంవత్సరపు సంచికలను ఇరుగుపొరుగువారు చదివి యిత్తుమని పట్టుకొనిపోయి తిరిగి ఈయకపోవుటచే నాకు తమ్ముడు పుట్టలేదు. తలయును పాదములును లేని విగ్రహమువలె నేనొంటరిగా మిగిలితిని.

గుమాస్తాగారి కుమారుడు నన్ను మోకాళ్లపై పెట్టుకొని వంటయింటి గడపమీద కూర్చుండి బిగ్గరగా చదువుచుండెడివాడు. ఆతని తల్లి బడిమెట్లు ఎక్కి యెఱుగదు, పొయ్యిలోని పుల్లలను ఎగదోయుచు, “ఊఁ, ఆ తరవాత?” అనుచు వినుచుండెడిది. బొమ్మ చూపుమని ఒకమాఱు వంగినప్పుడు ఆమె పసుపువ్రేలిముద్ర నా మార్చినెల పుటపై పడినది. చదువురాని చేయి నన్ను మలినపఱచినదని నేను మిక్కిలి నొచ్చుకొంటిని. ఆ నొచ్చుకోలు ఎంత అవివేకమో తెలియుటకు నాకు దాదాపు ముప్పదియేండ్లు పట్టినది.

ఆ యేండ్లను ట్రంకుపెట్టె యడుగున వేపాకుల చేదును, కలరా ఉండల ఘాటును పీల్చుచు గడిపితినని చెప్పిన చాలును. 1990లో హైదరాబాదు నగరమున, ఒక మేడమీది రెండుగదుల యింట, పెట్టెమూత తెఱువబడినది. నన్ను పైకి తీసిన చేయి ఆ బాలునిదే; కాని యిప్పుడు దానికి గడియారమును, సిరామరకయు ఉన్నవి. ఆతని ప్రక్క ఆఱేండ్ల కుమార్తె నిలిచియుండెను. పాప ఇంగ్లీషు మీడియము బడికి పోవుచుండుటచే తెలుగు అక్షరములు ఆమెకు ఇంటికి వచ్చిపోవు చుట్టములవంటివి. నా మూలముగ అవి యింటివారగునని తండ్రి యాశ.

తాను బాల్యమున ఏ కథకు నవ్వెనో ఆ కథకే పాప నవ్వవలెననియు, ఏ బొమ్మకు జడిసెనో ఆ బొమ్మకే జడియవలెననియు కోరుకొని, ఆతడు భోజనానంతరము చాపపై పడుకొని, పాపను భుజముపై నానించుకొని చదువ మొదలిడెను. పాపయో, రాజకుమారుని ఖడ్గమును చూడదు, రాక్షసుని కోరలను చూడదు. దర్బారు బొమ్మ మూలలో, గోడమీద కూర్చున్న ఒక కాకిని చూపి, “నాన్నా, దీనికి అన్నం ఎవరు పెడతారు?” అని యడిగెను. ఆ కాకిని తండ్రి యెన్నడును చూచియుండలేదు. నిజము చెప్పవలెనన్న నేనును దానిని మఱచియుంటిని. అలసట మిక్కుటమైన రాత్రులందు ఆతడు రెండేసి పేరాలను దాటవేయ ప్రయత్నించెడివాడు. నాలుగైదుమార్లు విన్నకథను పాప నాకంటె భద్రముగా దాచుకొనుటచే, “కుండ పగిలింది చదవలేదు” అని వెంటనే పట్టుకొనెడిది. చదువరాని ఆ బిడ్డ యెదుట చదువవచ్చిన తండ్రి ముద్దాయివలె వెనుకకు మరలి, కుండను మఱల పగులగొట్టవలసి వచ్చెడిది.

బేతాళకథల రాత్రులు వేఱు. విక్రమార్కుడు శవమును భుజమున వేసికొని మౌనముగా నడచుట, బేతాళుడు కథ చెప్పి ప్రశ్న నడుగుట, తెలిసియు చెప్పనిచో తల పగులుననుట, చెప్పినచో మౌనభంగమై శవము మఱల చెట్టెక్కుట, ఇదంతయు తెలుగువారికి క్రొత్త కాదు. తండ్రి, రాజు చెప్పు సమాధానమును అఱచేత కప్పిపెట్టి, “నువ్వయితే ఏం చెబుతావు?” అని యడిగెడివాడు. పాప సమాధానము రాజు సమాధానముతో కలిసిన రాత్రులు అరుదు. దొంగకు శిక్ష వేయనక్కఱలేదనును. అడిగియుంటే ఇచ్చేవాళ్లుగదా యనును. ఒకనాడు మాత్రము చాలసేపు ఆలోచించి, “తెలిసినా తెలీదని అబద్ధం చెబితేనో?” అనెను. తండ్రికి వెంటనే మాట తోచలేదు. “రాజు అబద్ధం చెప్పడమ్మా,” అని యెట్టకేలకు పలుకగా, “పోనీ, బేతాళుడికి తెలుస్తుందా?” అని ఆమె మఱల అడిగెను. అచ్చులో ఈ ప్రశ్న లేదు. నేనును ఆ రాత్రి నా పుటలను వెదకికొని, సమాధానము దొరకక ఊరకుంటిని.

ఇట్లు నెలలు గడచి, నేను భయపడుచున్న డిసెంబరు పుటలు వచ్చినవి. కొండకొమ్ము, శత్రువులు, అగాధము. ‘ఇంకా వుంది’ అని చదివి ఆతడు నన్ను మూసెను.

“తరవాత ఏమయింది?”

“తరవాతి పుస్తకం పోయిందమ్మా.”

“నువ్వు చదివావుగా?”

“చదివాను గానీ, గుర్తులేదు.”

పాప పెదవి వణకుట నా అట్టకు తెలిసినది. ఆతడేదో కల్పింప నారంభించెనుగాని, పాప “నువ్వు ఇప్పుడే అనుకుని చెబుతున్నావు” అని త్రోసివేసెను. నా లోపము ఆనాటివలె నన్ను ఎన్నడును బాధింపలేదు.

అంతలో గది మూలనుండి, చేటలో బియ్యము ఏరుచున్న నాయనమ్మ, తల యెత్తకయే, “పడలేదే అమ్మా. తీగ పట్టుకుని వేళ్లాడతారు. నెల్లాళ్లు ఆ తీగ తెగకుండా చూడు తండ్రీ అని పొయ్యి దగ్గర కూచుని దణ్ణం పెట్టుకున్నా గదూ!” అనెను. కుమారుడు విస్మితుడై చూచుచుండగా, ఆమె రాళ్లను ప్రక్కకు వేయుచు, తీగనుండి గుహకు, గుహనుండి నదికి, నదినుండి మఱొక కొండకు కథను నడిపించుకొనిపోయెను. ఆమె చెప్పినది 1963లో అచ్చయిన కథయో, ఆమె మనస్సున పెరిగిన కథయో సాక్ష్యము చెప్పుట నావలన కాదు. ఆ సంవత్సరము నాలో లేదు. కాని చదివినవాడు, మఱునెల మఱల చదువవచ్చునను ధీమాతో మఱచెను. విన్నదానికి పుస్తకమను ఆధారము లేకపోవుటచే ఆమె మఱువలేదు. పొరుగువారు తిరిగి ఈయని నా తమ్ముడు ఇన్నేండ్లును ఈ ముదుసలి చెవులలో భద్రముగా నున్నాడని తెలిసికొని, మార్చినెల పుటపైనున్న పసుపుముద్రను నేను తొలిసారి ఆభరణముగా ధరించితిని.

మరునాటి సాయంకాలము తండ్రి ఇంకను ఆఫీసునుండి రాలేదు. పాప నన్ను ఒడిలోనికి తీసికొని, చివర వృద్ధుడంటించిన తెల్లకాగితమును తెఱచి, పెన్సిలుతో, నాలుక కొంచెము బయటపెట్టి, చాలసేపు ఏదో వ్రాసెను. ‘తీగ తెగలేదు’ అని మూడంగుళముల అక్షరములు. రెండవ ‘గ’కు తలకట్టు లేదు. నాయనమ్మకు ఆ లోపము కనబడలేదు. ఆమె చేయి తుడుచుకొని వచ్చి, ఆ గీతలను వ్రేలితో తడవి, “ఏం రాశావే?” అని యడిగెను.

పాప నన్ను మోకాళ్లపై సరిగా నిలుపుకొని, ఆమెకు చదివి వినిపించెను.